గోడమీద చాకిరీ

మా అక్క మెరెత్‌ను చేసుకున్న ఖెను జన్మలో ఒక బరువెత్తి ఎరగడు. ఎగతాళికి అంటున్న మాట కాదు. తెల్లగోడల పట్నానికి దక్షిణాన, కాయెము దొరగారి కమతంలో ఎవరినడిగినా ఇదే చెబుతారు.

అతని కొలువు ధాన్యపు కొట్ల వాకిట. పొద్దున్నే వచ్చి, తలుపుల మీద వేసిన బంకమట్టి ముద్రలు నిన్నటిలాగే ఉన్నాయో లేదో చూసి, నీడన చాప పరుచుకుని కూర్చునేవాడు. సాయంత్రం లేచి ముద్రలు మళ్లీ చూసేవాడు. మధ్యలో అతని ముందునుంచి గాడిదలూ, గాడిదల వెనక బస్తాలు మోసే మనుషులూ వెళ్తుంటే చేతికర్ర కాస్త పైకెత్తి, "చూసుకు నడవండ్రా, కారుతోంది" అనేవాడు. ఆ కర్రే అతను ఎత్తిన పెద్ద బరువు. ఆ కొలువు తండ్రినుంచి వచ్చింది. ఆయన కూడా ఆ చాపమీదే కూర్చుని కూర్చుని పోయాడు.

ఇంట్లోనూ అంతే. మా అక్క కాలవనుంచి నీళ్లకుండ నెత్తిన పెట్టుకుని వస్తుంటే, గుమ్మంలో చాపుకున్న కాళ్లు మడిచి దారి ఇచ్చేవాడు. అది తాను చేసే సాయమని నిజంగానే నమ్మేవాడు.

"వంగితే నడుం పట్టేస్తుందే. రేపు కొట్లకి కాపలా ఎవరుంటారు?" అనేవాడు.

"పట్టకపోతే మాత్రం ఎవరుంటున్నారు?" అనేది అక్క.

అయినా మనిషి మంచివాడే. ఒకరి జోలికి పోడు, తాగి వీధినపడి అరవడు. వాడలో పిల్లలు కనబడితే అంజూరపళ్లు పంచేవాడు. పళ్లు ఎవరివన్నది వేరే సంగతి. అక్కా అతనూ రోజూ పోట్లాడుకుంటూనే ముచ్చటగా కాపురం చేశారు. ఉన్న ఒకే ఒక్క లోటు, పిల్లలు కలగలేదు. పోయాక నీళ్లు విడవడానికి కొడుకు లేడన్న బెంగ ఖెనుకి లోపల్లోపల ఉండేది. ఎవరైనా ఆ మాటెత్తితే చాప సర్దుకుని వేరేవైపు తిరిగి కూర్చునేవాడు.

నేను రంగులవాణ్ణి. చెక్కుడు మేస్త్రీ ఇన్కఫ్ చెక్కి వెళ్లాక, వెనకనుంచి వచ్చి మగవాళ్ల ఒంటికి ఎర్రమన్నూ ఆడవాళ్ల ఒంటికి పసుపురంగూ ఉల్లికాడలకు ఆకుపచ్చా పూసేవాణ్ణి. ఆ రోజుల్లో కాయెము దొర పడమటి ఎడారి అంచున తన సమాధి కట్టించుకుంటున్నాడు. లోపలి గది గోడమీద దొర సింహపు కాళ్ల కుర్చీలో కూర్చుని ఉంటాడు. ఎదురుగా బల్ల. బల్లమీద నిలువుగా పేర్చిన రొట్టెముక్కలు, ఎద్దుతొడ, రెక్కలు కట్టిన బాతులు, ద్రాక్షగుత్తులు, అన్నిటికీ పైన ఉల్లికట్ట. కొడుకులు మరిచినా పూజారులు ఎగ్గొట్టినా చెక్కిన రొట్టె పాచిపోదు, చెక్కిన కల్లు పులిసిపోదు. దొరకు ఆకలి అన్న మాటే ఉండదు.

బల్లకి కింది వరసలో ఆ తిండి మోసుకొచ్చే మనుషుల బారు ఉంటుంది. ఆ మనుషుల నెత్తిన, దొర దయ ఉంటే, కమతంలో పనిచేసేవాళ్ల పేర్లు చెక్కుతారు. పేరు గోడకెక్కిందా, వాడు దొరతో పాటే వెళ్లి, దొర తిన్న బల్లదగ్గరే కలకాలం తింటాడు. ఈ సంగతి కమతంలో తెలిసిన దగ్గర్నుంచీ ఇన్కఫ్ మేస్త్రీకి ఊపిరాడలేదు. కమ్మరీ కుమ్మరీ చాకలీ, అందరూ ఆయన్ని బంధువులా పలకరించడం మొదలెట్టారు.

ఖెను కూడా ఒకరోజు చాప వదిలి బయల్దేరాడు. కానుకకని రెండు బాతులు తీశాడు. వాటిని నాచేత మోయించాడు.

"మేస్త్రీ, నా పేరు ఎక్కడో తోకలో పెడితే ఒప్పుకోను. దొరగారి బల్లకి దగ్గరగా ఉండాలి," అన్నాడు.

ఇన్కఫ్ ఉలి పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూశాడు. "దగ్గరగానా? ఆలోచించుకో ఖెనూ."

"ఇందులో ఆలోచించేదేముంది? ముందున్నవాడికే ముందు వడ్డిస్తారు."

"తర్వాత నన్ననకు మరి."

"అననయ్యా! ఈ బాతుల సాక్షి."

ఇన్కఫ్ నావైపు చూశాడు. నేను బాతులవైపు చూశాను. అలా కుదిరిపోయింది.

ఆ ఏటి వరద తీసేసరికి గోడ చెక్కడం పూర్తయింది. ఖెను అక్కను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. పాపం, ఆవిడకు ఆరోజు మంచి గుడ్డ కట్టుకోమని చెప్పాడట. లోపలికి వచ్చి, దొర కుర్చీదగ్గర్నుంచి వెతకడం మొదలెట్టాడు. చదువు రాదు కదా, మొహాలు చూసి పోల్చుకోవాలనుకున్నాడు. గోడమీద మనుషులందరికీ ఒకటే మొహం.

"ఏడిరా నేను?"

"అదిగో బావా. బల్లకి మూడో మనిషి."

చూశాడు. మూడో మనిషి మెడమీద అడ్డంగా ఒక దూడ ఉంది. దాని నాలుగు కాళ్లూ గుండెలమీద ఒక చేత్తో అదిమి పట్టుకున్నాడు. రెండో చేతిలో తాడుకు వేలాడుతూ మూడు బాతులు. మోచేతికి అంజూరపళ్ల బుట్ట. ఇంకా ఖాళీ ఉందనుకున్నాడో ఏమో, ఇన్కఫ్ చంకలో ఒక తామరతూళ్ల కట్ట కూడా పెట్టాడు.

ఖెను ఆ మనిషి నెత్తినున్న అక్షరాలకేసి, మళ్లీ దూడకేసి చూశాడు. అక్క మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపు భుజాలు ఎగిరెగిరి పడ్డాయి, ఆ తర్వాత ఇక ఆపుకోలేక గోడకి జారబడి నవ్వింది.

"నేను ఇన్నేళ్లు కాపురం చేసి ఒక్క నీళ్లకుండ ఎత్తించలేకపోయాను గదయ్యా మేస్త్రీ! నీ చేతికి దండం పెట్టాలి!"

"నోర్ముయ్యవే," అని, ఖెను ఇన్కఫ్ మీదికి వెళ్లాడు. "ఏంటయ్యా ఇది? నేను కొట్ల కాపలాదారుణ్ణి. నాకు దూడేంటి? కలకాలం దీన్ని మొయ్యాలా?"

"నువ్వేగా ముందు కావాలన్నావు. దొరకు దగ్గరగా వెళ్లేవి పెద్ద కానుకలు. ఎద్దుతొడ, జింక, దూడ. వెనక్కి పోయేకొద్దీ బరువు తగ్గుతుంది. చిట్టచివర వాకిలి దగ్గర ఉన్నవాడి చేతిలో ఒక్క తామరపువ్వే."

"మరి ఆ పువ్వు నాకియ్యి!"

"అది ఇబి అడిగి తీసుకున్నాడు."

ఇబి మా కమతంలో కసాయివాడు. ఎద్దుతొడని ఒంటి భుజంమీద వేసుకుని ఎర్రటి ఎండలో రేవుదాకా నడిచే మనిషి. అతని చేతిలో పువ్వు. ఖెను మెడమీద దూడ.

ఇంటికి వెళ్తూ ఖెను మాకు ముందు నడిచాడు. కాలవగట్టు దగ్గర ఆగి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరేయ్, రంగు వేసేది నువ్వేగా. ఆ దూడకి రంగు వెయ్యకు. అదే చెరిగిపోతుంది."

"రంగు వెయ్యకపోతే తెల్లదూడ అవుతుంది బావా. పోదు."

మర్నాడు ఇబి దగ్గరికి రాయబారం వెళ్దాం రమ్మన్నాడు. ఇబి కసాయి దొడ్లో కత్తి నూరుకుంటున్నాడు. ఖెను చల్లగా మొదలెట్టాడు.

"అన్నా, నీలాంటి బలశాలికి పువ్వేంటన్నా? నలుగురూ నవ్విపోరూ? నీ చోటు నాకిచ్చి, నా చోటు నువ్వు తీసుకో. బల్లకి మూడో చోటు! దొరగారి కాలివేళ్లు కనబడతాయి."

ఇబి కత్తి నూరడం ఆపలేదు. "దొరగారి కాలివేళ్లు నేను ఇప్పుడే చూస్తున్నాను. అంత గొప్పగా ఏం లేవు."

"అది కాదన్నా..."

"ఖెనూ, ఇటు చూడు." భుజంమీది గుడ్డ పక్కకి లాగాడు. అక్కడ కండ ఒక దిమ్మలా గట్టిపడి, గాడిద వీపులా బొచ్చు రాలిపోయి ఉంది. "పదేళ్ల పిల్లాడప్పుడు మా నాన్న మొదటితొడ ఎత్తించాడు. అప్పట్నుంచీ దించలేదు. మా ఆవిడ పోయినరోజు కూడా దొరింట్లో విందు, తొడ ఎత్తాను. నా ఒంటికి నెత్తురు వాసన తప్ప ఇంకో వాసన తెలీదు. మేస్త్రీని నేను బల్ల అడగలేదు, కూడు అడగలేదు. వాకిట్లో నిలబడతాను, ఒక పువ్వు వాసన చూడనియ్యి చాలు అన్నాను. అదిప్పుడు నీకియ్యాలా?"

ఖెను నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. తిరిగొస్తూ, "ఆ భుజం చూశావా?" అని మాత్రం అన్నాడు. తన భుజం మీద ఒకసారి చెయ్యి వేసి చూసుకున్నాడు.

ఇక మిగిలింది దొర. దొర పల్లకీలో గోడ చూడ్డానికి వచ్చేరోజు కనుక్కుని, ఖెను ముందే వెళ్లి వాకిట్లో సాగిలపడ్డాడు. దొర లోపలికి వెళ్లి, తన బొమ్మ చూసుకుని, పొట్ట తగ్గించినందుకు ఇన్కఫ్‌ను మెచ్చుకున్నాడు. బారు చూసుకుంటూ వచ్చి మూడో మనిషి దగ్గర ఆగాడు.

"ఏం మేస్త్రీ, ఈ దూడ కాళ్లు ఇలా ఉన్నాయేం? చచ్చినదానిలా. నాకు బతికున్న దూడ కావాలి."

సరిగ్గా అప్పుడే ఖెను వెనకనుంచి, "దొరగారూ, ఆ ఖెను నేనే, బాబూ! ఒక్క మనవి..." అన్నాడు.

దొర మొహం విప్పారింది. "నువ్వేనా? సమయానికి వచ్చావురా! మేస్త్రీ, వీడి మెడమీద నిజం దూడని ఎక్కించి చూసి చెక్కు."

మనవి ఏమిటో దొర అడగలేదు. అడగాలని ఆయనకు తోచలేదు కూడా.

దూడ వచ్చింది. మచ్చలది, బలంగా ఉంది. ఇద్దరు పట్టి ఖెను మెడమీదికి ఎక్కించారు. ఎక్కీ ఎక్కగానే అది అతని వీపంతా తడిపింది. ఖెను బరువుకి అటూ ఇటూ ఊగుతుంటే, "కదలకు, కదిలితే మళ్లీ మొదట్నుంచి గియ్యాలి," అన్నాడు ఇన్కఫ్. ఆ వరస కొన్ని రోజులు సాగింది. దూడకి అతనంటే ఏమిష్టం కలిగిందో గానీ, మెడమీద ఎక్కించగానే చెవి నాకడం మొదలెట్టింది. "ఛీ ఛీ" అనేవాడు గానీ, నాలుగోరోజుకి దానికోసం చేత్తో ఇంత గడ్డి పట్టుకొచ్చాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. చెక్కడం అయ్యాక దొర చూసి, "నీకు భలే అమిరిందిరా! పండగ పండగకీ నువ్వే మోసుకురా, గోడమీదా బయటా ఒకేలా ఉండాలి," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఔనంటే ఔనన్నారు. అంతే, కమతంలో ఏ పండగొచ్చినా దూడ మోసేపని ఖెనుది. పై లోకంలో చాకిరీ తప్పించుకుందామని వెళ్లినవాడికి ఈ లోకంలో కూడా చాకిరీ తగిలింది. పండగ మర్నాడు అక్క అతన్ని బోర్లా పడుకోబెట్టి బాతుకొవ్వుతో భుజాలు మర్దనా చేసేది.

"ఇక్కడంటే నువ్వున్నావు, కొవ్వు రాస్తున్నావు. అక్కడెవరే?" అని మూలిగేవాడు.

"అక్కడ కూడా ముందు వరసే అడుగు," అనేది అక్క. అనేసి ఇంకాస్త మెత్తగా రాసేది.

కొన్నాళ్లకు రాజు మారాడు. కొత్త రాజుకి కొత్త పిరమిడ్, కొత్త పిరమిడ్ చుట్టూ కొత్త సమాధులు. కాయెము దొర పాత రాజుకంటే కొత్త రాజుకు ఇంకా ఎక్కువ దగ్గరయ్యాడు. "నా పక్కనే పడుకో" అని రాజు మాట ఇచ్చాడట. ఈ మర్యాదకి దొర కంటతడి పెట్టాడని చెప్పుకున్నారు. అక్కడ కొత్త గోడలు, కొత్త బల్ల. మోసేవాళ్లు కూడా కొత్త కమతం మనుషులే. మా గోడ సగం రంగుల దగ్గర ఆగిపోయింది. ద్రాక్షగుత్తికి ఒక వైపే నలుపు పడింది.

పేర్లు గోడకెక్కినవాళ్లంతా తలలు పట్టుకున్నారు. దొర లేని బల్లదగ్గర ఏం తింటాం అని ఒకరిద్దరు ఏడ్చారు కూడా. ఖెను ఒక్కడే వాడంతటికీ బార్లీ కల్లు పోయించాడు.

"దొర లేడు కాబట్టి దూడ లేదు! దించేశానర్రా!" అని భుజాలు దులుపుకుని చూపించాడు. మా అక్కతో పాటు నేనూ తాగాను. ఇబి కూడా వచ్చి తాగాడు.  ఆ ఏడాది చివర్లో జ్వరం తగిలి పోయాడు. ఇసకలో గుంట తీసి, ముడుచుకు పడుకోబెట్టి, పక్కన ఒక కుండ పెట్టారు. పువ్వుల కాలం కాదు.

ఖాళీగా పడి ఉన్న సమాధిని కొన్నేళ్లకు దివాణం ఇంకొకరికి ఇచ్చింది. ఆయన రాజుగారి నూనెగిడ్డంగుల అధికారి. తేరగా వచ్చిన ఇల్లు కదా, పైసంగతులు మాత్రమే మార్పించుకున్నాడు. కాయెము పేరుమీద సున్నం పూసి తన పేరు చెక్కించాడు. దొర మొహం మార్చమని అడగలేదు. ఆ పనికి పిలిచింది మళ్లీ ఇన్కఫ్‌నీ నన్నూనే.

సంగతి విని ఖెను పరిగెత్తుకొచ్చాడు. అతను పరిగెత్తడం అదే మొదటిసారి చూశాను. అధికారి గుమాస్తా వాకిట్లో నీడన కూర్చుని ఉన్నాడు.

"బాబూ, గోడమీద నా పేరు ఉండిపోయింది. దయచేసి చెరిపించెయ్యండి," అన్నాడు ఖెను.

"ఎవరు నువ్వు?"

"ఆ దూడ మోసేవాణ్ణి."

"ఎవరి మనిషివి?"

"కాయెము దొరగారి మనిషిని."

"కాయెము దొర మనిషివి మా గోడమీద ఏం చేస్తున్నావు?"

ఖెను నావైపు చూశాడు.  గుమాస్తా లోపలికి తొంగి చూసి వచ్చి, "మోసేవాళ్లతో సహా వచ్చిన ఇల్లు. మావాళ్లు ఒక్కణ్ణీ వదులుకోరు. పో," అన్నాడు.

అయితే ఒక మార్పు మాత్రం జరిగింది. అధికారిగారి రాతివిగ్రహం పెద్దది, వాకిట్లో పట్టలేదు. వాకిలి వెడల్పు చెయ్యమన్నారు. ఇన్కఫ్ ఉలి పట్టుకుని వాకిలి పక్క గోడని చెక్కెయ్యడం మొదలెట్టాడు. బారులో చివరి మనిషి పాదాలదగ్గర్నుంచి పెచ్చులుగా ఊడివచ్చాడు. తామరపువ్వు ఒక ముక్కగా వచ్చింది. దానికి నేను వేసిన నీలం ఇంకా చెక్కుచెదరలేదు. రాళ్లబుట్టలో పడేసి బయట పోసేశారు.

ఖెను అదంతా చూస్తూ కూర్చున్నాడు.

"నేను మార్చుకుందామన్న చోటు అదే గదరా," అన్నాడు.

"ఔను బావా."

"ఇబి ఏమైనట్టు ఇప్పుడు?"

నాకు తెలియదన్నాను. ఇప్పటికీ తెలియదు. ఆరోజునుంచి ఖెను పేరు తీసెయ్యమని ఎవర్నీ అడగలేదు. అలాగని సంతోషించనూ లేదు. బతికిపోయాననుకోవాలో చిక్కుకుపోయాననుకోవాలో తేలక, చాపమీద అటూ ఇటూ మసలేవాడు.

మరికొన్నేళ్లకు, వరద ఎక్కే రోజుల్లో, అతనికీ జ్వరం వచ్చింది. నేను వెళ్లేసరికి అక్క తడిగుడ్డ నుదుటిమీద వేస్తోంది. నన్ను చూసి ఖెను తల దగ్గరికి రమ్మన్నాడు. అప్పగింతలేమైనా చెబుతాడేమో అనుకున్నాను.

"ఒరేయ్, ఆ దూడ అక్కడ ఎదుగుతుందా?"

"అంటే?"

"ఇప్పుడంటే దూడ. ఏడాది పోతే కోడె. ఆ తర్వాత ఎద్దయితే?"

"బొమ్మ బావా. చెక్కింది చెక్కినట్టే ఉంటుంది."

"నువ్వు ఒట్టు వెయ్యి."

వేశాను. అతను కళ్లు మూసుకుని, "నయం," అన్నాడు. అక్క ఈసారి నవ్వలేదు. తడిగుడ్డ పిండడానికి బయటికి వెళ్లి, చాలాసేపు పిండింది.

అతన్ని ఇబికి కొంచెం అవతల పడుకోబెట్టాం. గుంటమీద నీళ్లు విడిచే కొడుకు లేడు గనక ఆ పని అక్కే నెత్తినేసుకుంది. అయితే గుంటదగ్గర కాదు, గోడ దగ్గర. "మనిషి అక్కడుంటే ఇసకలో పోస్తే ఏం లాభం?" అంటుంది. పండగ పండగకీ రొట్టే ఉల్లిపాయలూ మూటగట్టుకుని ఆ ఎడారి అంచుకు నడిచి వెళ్తుంది. ఆవిడకు వయసు మీదపడ్డాక నేనూ తోడు వెళ్తున్నాను.

నూనెల అధికారి పోయి చాలా కాలమైంది. ఆయన కొడుకులు ఎగువరాష్ట్రంలో కొలువులకు వెళ్లిపోయారు. సమాధికి ఒక పూజారిని పెట్టి, ఖర్చులకని ఒక చెక్క భూమి రాసిచ్చారు. పూజారి భూమి దున్నుకుంటాడు, పండగపూట వట్టి చేతులతో వచ్చి వాకిట్లో కూర్చుంటాడు. అక్క మొదటిసారి వెళ్లినప్పుడు, తిన్నగా మూడో మనిషి ముందు రొట్టె పెట్టడం చూసి ఆయన గోల పెట్టాడు.

"ఏమ్మా, ఏంటా పని? ముందు దొరపేరు చెప్పాలి. దొర తిన్నాక మిగిలిందే నౌకర్లకి!"

"నీ దొరకి నువ్వేం తెచ్చావయ్యా?"

పూజారి గోడకేసి చెయ్యి చూపించాడు. "ఆయనకేం తక్కువ? అన్నీ ఉన్నాయిగా. వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల కల్లు."

"అన్నీ ఉంటే నా రొట్టెకేసి అలా చూస్తావేం?"

 పూజారి పొద్దుట్నుంచి ఏమీ తిన్నట్టు లేడు. అక్క రొట్టె సగానికి విరిచి ఒక ముక్క ఆయన చేతిలో పెట్టింది, మీద ఒక ఉల్లిపాయ కూడా వేసింది. ఆయన గబగబా తిని, మూతి తుడుచుకుని, లేచి నిలబడి నూనెల అధికారి పేరున వెయ్యి రొట్టెలూ వెయ్యి కుండల కల్లూ అని నైవేద్యమంత్రం గట్టిగా చదివాడు. చదివి కూర్చోబోతుంటే అక్క మోచేత్తో పొడిచింది.

"ఖెను పేరో?"

పూజారి మళ్లీ లేచి అతని పేరున కూడా చదివాడు. ఆ ఏడాదినుంచి నూనెల అధికారికి అందుతున్నదేమైనా ఉంటే అది మా అక్క మూటలోంచే. ఇప్పుడు ఆ పూజారి పండగపూట మాకోసం దారివైపే చూస్తూ కూర్చుంటాడు. మొన్న మేము కాస్త ఆలస్యంగా వెళితే, "ఏమ్మా, మీ ఆయన్ని ఇంతసేపు ఆకలితో నిలబెడతావా?" అని అక్కనే కోప్పడ్డాడు.